బ్యారెల్‌కు బిగించే చౌక క్రోనోగ్రాఫ్‌లతో జాగ్రత్త: రిటర్న్ గడువు దాటకముందే పరీక్షించుకోండి

ఎయిర్ రైఫిల్ బ్యారెల్ మూతికి బిగించే ఇన్‌ఫ్రారెడ్ గొట్టం రకం క్రోనోగ్రాఫ్‌లు (పెల్లెట్ వేగాన్ని కొలిచే పరికరాలు, క్లుప్తంగా క్రోనోలు) ఆన్‌లైన్‌లో రకరకాల పేర్లతో వస్తున్నాయి. పెట్టె మీద పేరు మారినా చాలావాటిలో లోపలి సరుకు ఒకటే. "తేడా అర శాతం లోపే" అని రాసి ఉంటుంది. దేనితో పోల్చి తేల్చారో మాత్రం ఎక్కడా ఉండదు.

అసలు తేడా నాలుగైదు శాతం ఉన్నా దానికే ఇంత గొడవా అనిపించవచ్చు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 4.5 మి.మీ. మించిన బోరు (బ్యారెల్ లోపలి వ్యాసం) గానీ, 20 జౌళ్లు మించిన శక్తి గానీ ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్సు కావాలి. 0.547 గ్రాముల (8.44 గ్రెయిన్ల) పెల్లెట్ సెకనుకు 260 మీటర్ల వేగంతో వెళ్తే శక్తి 18.5 జౌళ్లు. స్క్రీన్ మీద ఆ అంకె చూసి హమ్మయ్య అనుకుంటారు. క్రోనో 4 శాతం తక్కువ చూపిస్తుంటే అసలు వేగం దాదాపు 271, శక్తి 20 దాటేసినట్టే. వేగంలో తప్పు శక్తిలో రెట్టింపవుతుంది, వేగాన్ని వర్గం చేస్తాం కాబట్టి.

ఇంకో విషయం. ఈ పరికరం జౌళ్లను కొలవదు. రెండు సెన్సర్ల మధ్య పట్టిన సమయాన్ని మాత్రమే కొలుస్తుంది, మిగతాదంతా లెక్క. అందులో మీరు ఎంటర్ చేసిన పెల్లెట్ బరువు తప్పయితే జౌళ్లు కాకి లెక్కే. 0.547 పెట్టి 0.67 గ్రాముల పెల్లెట్ కాలిస్తే స్క్రీన్ 18 చూపినచోట అసలు శక్తి 22. డబ్బా మీది బరువును నమ్మకుండా పది పెల్లెట్లు కలిపి తూచి సగటు తీయండి. సెకండ్ హ్యాండ్ తుపాకీ అమ్మేవాళ్లు పంపే క్రోనో ఫోటోకూ ఇదే వర్తిస్తుంది: పెల్లెట్ బరువు చెప్పని ఫోటోకు విలువ లేదు. తేలికపాటి పెల్లెట్ వేసి పెద్ద అంకె చూపించడం పాత ఎత్తు.

తప్పు ఎక్కువగా సెన్సర్ల దూరంలోనే పుడుతుంది. సెన్సర్ల మధ్య 10 సెంటీమీటర్లు ఉండాల్సిన గొట్టంలో ఒక సెన్సర్ 2 మి.మీ. పక్కకు అతికితే 2 శాతం పోయినట్టే. అదే 2 మి.మీ. తేడా, సెన్సర్ల మధ్య అడుగు దూరం ఉండే పాత తరహా మడత క్రోనోలో 0.7 శాతం దాటదు. చిన్నగా, ముద్దుగా ఉందని మురిసిపోకండి. చిన్నదయ్యే కొద్దీ తయారీలోని చిన్న లోపం కూడా పెద్ద తప్పుగా బయటపడుతుంది.

బిగింపు ఇంకో తలనొప్పి. క్లాంపు వంకరగా పట్టుకుంటే పెల్లెట్ గొట్టాన్ని రాసుకుంటూ పోతుంది. తుపాకీ ఖాళీగా ఉందని రూఢి చేసుకుని, తిన్నని క్లీనింగ్ రాడ్‌ను బ్యారెల్‌లోంచి గొట్టంలోకి పోనిచ్చి మధ్యలో ఉందో లేదో చూడండి. తర్వాత మీటరు దూరంలో కాగితం పెట్టి ఒకసారి కాల్చండి. రంధ్రం గుండ్రంగా లేకుండా చిరిగి ఉంటే పెల్లెట్ తగులుతున్నట్టే. కొత్తగా నూనె పెట్టిన స్ప్రింగ్ తుపాకీలో నూనె మండి పొగ వస్తుంది, ఆ పొగకే మొదటి సెన్సర్ స్పందించవచ్చు. పొగ ఆగేదాకా వచ్చిన రీడింగులు పారేయండి.

పీసీపీ (ముందే నింపుకున్న గాలి ఒత్తిడితో కాల్చే తుపాకీ) ఉన్నవాళ్లకు ఫోనుతో చేసే పరీక్ష ఒకటుంది. బ్యారెల్ మూతికి సరిగ్గా 5 మీటర్లలో, పెల్లెట్ ట్రాప్ (పెల్లెట్లను ఆపి పట్టే పెట్టె) ముందు గట్టి అట్ట బిగించండి. రికార్డింగ్ పెట్టిన ఫోను రెండింటికీ సమదూరంలో, కాల్పు దారికి పక్కగా ఉండాలి. అప్పుడు రెండు శబ్దాలూ ఫోనుకు చేరడానికి ఒకే సమయం పడుతుంది కాబట్టి ధ్వని వేగం లెక్కలోకే రాదు. ఏదైనా ఆడియో ఎడిటర్‌లో తెరిచి రెండు శబ్దాల మొదళ్ల మధ్య సమయం చూడండి. 0.019 సెకన్లు ఉంటే సగటు వేగం 263. గాలి నిరోధం వల్ల ఈ సగటు ఎప్పుడూ మూతి దగ్గరి వేగం కంటే కాస్త తక్కువే. అదే షాట్‌కు క్రోనో 255 అంటే ఇక వాదన అక్కర్లేదు, అది తక్కువ చూపిస్తోంది. స్ప్రింగ్ తుపాకీకి ఈ పద్ధతి పనికిరాదు. పెల్లెట్ బయటికి రాకముందే పిస్టన్ చప్పుడు మొదలవుతుంది.

దీనికి విసిగి మడత క్రోనో కొనేవాళ్లు వెలుతురు సంగతి చూసుకోండి. ఇండోర్ రేంజ్‌లో ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి, దాంతో పిచ్చి అంకెలు వస్తాయి. ఇన్‌ఫ్రారెడ్ లైట్ కిట్ విడిగా కొనాలి. ఎండలో అయితే పైన డిఫ్యూజర్లు (వెలుతురును సమంగా పరిచే రేకులు) తప్పనిసరి. మడత పూర్తిగా తెరుచుకోకపోతే సెన్సర్లు సమాంతరంగా ఉండవు. సెన్సర్ల పైన పెల్లెట్ పోవాల్సిన ఖాళీలో కింది నుంచి ఐదు, పై నుంచి ఐదు కాల్చి సగటులు పోల్చితే తెలిసిపోతుంది.

పెల్లెట్‌కు తగిలి తిరిగొచ్చే రేడియో తరంగాలతో వేగం కొలిచే డాప్లర్ రాడార్ రకాలకు ఈ బాధలు లేవు, ధర మాత్రం చుక్కల్లో. మొదటి తరం లాబ్‌రాడార్ అయితే తుపాకీ శబ్దంతో మొదలవుతుంది, ఎయిర్ గన్ చప్పుడు చాలక విడిగా మైక్ కొనాలి. గార్మిన్ జీరో సీ1 ప్రోకు ఆ అవసరం లేదు. ఏది తెప్పించుకున్నా అది రేడియో తరంగాలు పంపే పరికరం. డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ పరికరాలకు అనుమతులిచ్చే కేంద్ర టెలికాం విభాగం) అనుమతి కాగితం ఎవరు చూపించాలో అమ్మకందారుతో ముందే తేల్చుకోండి.

గొట్టం రకం ఇప్పటికే ఆర్డర్ పెట్టేసి ఉంటే పెట్టె తెరిచేటప్పుడే వీడియో తీయండి. కొత్త బ్యాటరీ వేసి, తూచిన పెల్లెట్లతో వరసగా పది రీడింగులు తీసి, ఆడియో ఫైలుతో సహా రిటర్న్ అభ్యర్థనకు జతచేయండి. "సెట్టింగ్స్ మార్చి చూడండి" అంటూ అమ్మకందారు రోజులు సాగదీస్తే ఆ మాటల కోసం ఆగకండి. రిటర్న్ గడువు మీకోసం ఆగదు.