కత్తి ఒరలకు ఏ కుట్టుమిషను? 441 తరహా యంత్రంతో ఏడాది

నేను చిత్తూరులో ఉంటూ మచ్చుకత్తులకు, బొండాల కత్తులకు, మామిడి తోటల్లో కొమ్మలు కొట్టే కత్తులకు తోలు ఒరలు కుట్టి అమ్ముతుంటాను. నాలుగేళ్లపాటు ఆరెతో రంధ్రాలు పొడిచి, రెండు సూదులతో చేత్తోనే కుట్టాను. గిరాకీ వారానికి పది ఒరలు దాటాక వేళ్లు మొరాయించడంతో మిషను కోసం వెతకడం మొదలుపెట్టాను. రెండుసార్లు దారి తప్పి, మూడోసారి మందపాటి తోలు కుట్టే 441 తరహా యంత్రాన్ని కొన్నాను. దాని మంచిచెడ్డలు చెప్పాలంటే ముందు ఒర సంగతి కొంత చెప్పవలసి ఉంటుంది.

ఒర చూడడానికి చిన్న వస్తువే గాని, కుట్టేవాడికి అది సోఫా కన్నా, సంచి కన్నా మొండిది. ముందు పొర, వెనక పొర, ఆ రెంటి నడుమ కత్తి పదును దారాన్ని కోయకుండా అడ్డుగా పెట్టే పట్టీ, ఈ మూడూ ఒక్కొక్కటి 3 మిల్లీమీటర్ల చొప్పున కలిసి 9 మిల్లీమీటర్ల మందం అవుతాయి. బెల్టుకు తగిలించే పట్టా కూడా అదే కుట్టులో కలిస్తే 12 దాకా పోతుంది. క్రోమ్ లవణాలతో పదును చేసిన తోలు అయితే ఆ లవణాలు ఉక్కుకు తుప్పు తెస్తాయి కాబట్టి, చెట్ల బెరడుతో పదును చేసిన గట్టి తోలునే వాడాలి. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ తెలుసు గాని, ఆ తంగేడు బెరడుతోనే ఒకప్పుడు దక్షిణాదిలో లక్షల తోళ్లు పదునై ఓడలెక్కాయన్న సంగతి తక్కువమందికి తెలుసు. అలా పదునైన తోలు తడిపితే కత్తి ఆకారానికి ఒదుగుతుంది, ఆరితే చెక్కలా బిగుస్తుంది. సూదికి అసలు పరీక్ష పెట్టేది ఈ బిగువే.

ఇంట్లో ఉండే నల్ల మిషను ఇక్కడ లెక్కలోకి రాదు. గుడ్డను అదిమిపట్టే దాని పాదం కింద 9 మిల్లీమీటర్ల తోలు దూరనే దూరదు. అందుకే నేను మొదట కొన్నది చెప్పులు బాగుచేసేవారు వాడే, చేత్తో తిప్పే ప్యాచింగ్ మిషను. పాదం ఏ దిక్కుకైనా తిరుగుతుంది, ధర తక్కువ, చూడముచ్చటగా ఉంటుంది. అయితే దానిలో తోలును లాగేది పైనున్న పళ్ల పాదం మాత్రమే. ఒర తోలు మీద ఆ పళ్లు ప్రతి కుట్టు పక్కనా ఎలుక కొరికినట్టు గాట్లు పెట్టాయి. కింది దారం చుట్టే బాబిన్ మరీ చిన్నది కావడంతో దారం మాటిమాటికీ అయిపోయేది. తెగిన చెప్పుకు, చిరిగిన సంచికి అది మంచి పనిముట్టే. ఒర దాని పని కాదు.

రెండో ప్రయత్నం అంతకన్నా ప్రమాదకరం, ఎందుకంటే అది దాదాపు సరిపోయింది. కారు సీట్లు కుట్టే మిత్రుడి దగ్గర జూకీ 1541 మిషను ఉంది. సూది, కింది పళ్లు, పై పాదం మూడూ కలిసి తోలును నడిపిస్తాయి. మోకాలితో పాదాన్ని 16 మిల్లీమీటర్ల దాకా ఎత్తవచ్చు. ఆ అంకె చూసి నా ఒర సులువుగా పడుతుందనుకున్నాను. పాదం ఎంత లేచినా, ఆ మందంలో సూది ఎంత సత్తువతో దిగి పైకి వస్తుందన్నది వేరే లెక్క అని అప్పుడు తోచలేదు. ఆరు మిల్లీమీటర్ల దగ్గర ముచ్చటైన కుట్టు వేసిన ఆ మిషను, తొమ్మిది దగ్గర కుట్లు వదలడం మొదలుపెట్టింది. కారణం తేలికగానే కనబడుతుంది. గట్టి తోలు సూదిని పట్టుకుని దానితోపాటు పైకి లేస్తుంది. తోలు లేస్తే సూది కన్ను దగ్గర దారం ఉచ్చు విచ్చుకోదు. ఉచ్చు లేకపోతే కింద తిరిగే కొక్కేనికి దారం దొరకదు. సీట్లకు, సంచులకు చేసిన యంత్రాన్ని ఒరకు వాడబోవడం నా తప్పే గాని మిషనుది కాదు. పర్సులు, బెల్టులు ఎక్కువగా, ఒరలు ఎప్పుడో ఒకటి కుట్టేవారికి నేటికీ నేను ఈ 1541 మిషనునే చెబుతాను.

ఇక 441. ఈ తరహాకు మూలం జూకీ సంస్థవారి టి.ఎస్.సి. 441 నమూనా. దాన్ని అనుసరించి చైనాలో తయారైన యంత్రాలు రకరకాల పేర్లతో వస్తాయి. అమెరికాలో కౌబాయ్, కోబ్రా, టెక్‌స్యూ పేర్లతో అమ్ముడయ్యే పెద్ద మిషన్లు ఈ కుటుంబానివే. గుర్రపు జీనులు, తుపాకీ ఒరలు కుట్టేవారి కోసం పుట్టిన తరహా ఇది. చేయి గొట్టంలా ముందుకు చాచి ఉంటుంది, పొడవు 16.5 అంగుళాలు. మందం 20 మిల్లీమీటర్లు దాటినా కుడుతుందని అమ్మేవారు చెబుతారు. నేను 14 దాకా కుట్టి చూశాను, ఎక్కడా తడబడలేదు. పాదం తోలును ఎంత గట్టిగా అదిమి పడుతుందంటే సూది బయటికి వచ్చేటప్పుడు తోలు ఒక్క వెంట్రుకవాసి కూడా లేవదు. ఈ ఒక్క గుణం కోసమే నేను లక్షన్నర దగ్గరి ధర పెట్టాను.

అయితే మోటారు విషయంలో దెబ్బ తిన్నాను. చెన్నై పెరియమేట్‌లో నేను కొన్న దుకాణంవారు పాత క్లచ్ మోటారు బిగించి పంపారు. తొక్కినా తొక్కకపోయినా నిమిషానికి 1440 చుట్లు తిరిగే ఆ మోటారుతో నెమ్మదిగా కుట్టడమంటే పరుగెత్తే ఎద్దును ముక్కుతాడుతో నడిపించడమే. కత్తి మొన దగ్గర కుట్టు మలుపు తిప్పుతుండగా నా కాలు పెడలు మీద కాస్త ఎక్కువ పడింది. మూడు కుట్లు గీత దాటిపోయి, సూది విరిగి, రెండు రోజులు పట్టి మలిచిన ఒర పాడైంది. మోటారు మార్చమంటే దుకాణంవారు వినలేదు. చివరికి తొక్కినప్పుడే, తొక్కినంతే తిరిగే సర్వో మోటారు, మూడింట ఒకటి వేగానికి తగ్గించే పుల్లీ నా డబ్బుతోనే పెట్టించాను. వేగం ఎంత తగ్గితే బలం అంత పెరుగుతుంది. ఇప్పుడు ఒక్కొక్క కుట్టుగా, సూది ఎక్కడ దిగాలో చూసుకుంటూ కుట్టగలుగుతున్నాను. యంత్రం నిమిషానికి 800 కుట్లు వేయగలదన్న మాట ఒర కుట్టేవాడికి అక్కరలేని గొప్ప.

దారం, సూది, దారం బిగువు (టెన్షన్) కుదిరేసరికి నాకు నెల పట్టింది. నేను వాడేది 277 అంకె బాండెడ్ నైలాన్, అంటే పోగులు విడిపోకుండా పూత వేసిన మందపాటి దారం. దీనికి 794 జాతి సూదిలో 200 అంకె కావాలి, అంటే సూది మందమే 2 మిల్లీమీటర్లు. సన్న సూది పెడితే రంధ్రం అందంగా ఉంటుంది గాని, రెండు దారాలు పెనవేసుకునే ముడి లోపలికి దిగే చోటు లేక కింద బుడిపెలా తేలుతుంది. ఆ ముడి తోలు మందం నడుమ దాగాలి. 9 మిల్లీమీటర్లలో దాన్ని దాచడం సులువు. నడిమి పట్టీ లేని పైభాగంలో రెండు పొరలే ఉన్నచోట కాస్త ఏమరినా బయటపడుతుంది. మొదటి నాలుగు కుట్లకు రెండు దారాల కొసలనూ వేళ్లతో బిగించి పట్టుకోకపోతే కింద దారం గూడు కడుతుంది.

లోపాలు లేకపోలేదు. మిషనుతో వచ్చిన కింది పళ్లు ఒర వెనకవైపు గీతలు పెడతాయి. పళ్లు లేని నున్నని జత విడిగా కొనుక్కోవాలి. కత్తి పిడి దగ్గర తోలు ఉబ్బుగా ఉంటుంది కాబట్టి రెండువైపుల పాదం ఆ ఉబ్బుకు తగిలి కుట్టు వంకరపోతుంది; అక్కడ ఒకవైపు మాత్రమే ఉండే పాదం తప్పనిసరి. గొట్టపు చేయి మీద చదునైన ఒర నిలవదు, అందువల్ల పైన బిగించే బల్ల పలక కూడా అడగాలి. ఇవన్నీ ధరలో చేరని ఖర్చులు. తల బరువు సంగతి సరేసరి, ఇద్దరు పట్టి ఎత్తాలి. మేడ మీద గదిలో పని చేసేవారు దీన్ని కొనే ముందు మెట్లు చూసుకోవడం మంచిది.

పాతిక సెంటీమీటర్ల అంచుకు నాలుగున్నర మిల్లీమీటర్ల చొప్పున సుమారు 55 కుట్లు పడతాయి. చేత్తో అయితే రంధ్రాలతో కలిపి గంటకు పైగా పట్టే ఆ పని ఇప్పుడు రెండు, మూడు నిమిషాల్లో అవుతోంది. కానీ రెండు సూదుల చేతికుట్టులో ఒక దారం అరిగి తెగినా రెండోది పట్టి ఉంచుతుంది, మిషను కుట్టుకు అంత ఓర్పు లేదు. మా బస్టాండు దగ్గర బొండాలు కొట్టే పెద్దాయన ఒరను రోజుకు వందసార్లు కత్తి దూసి, దూర్చి వాడతాడు. ఆయనకు మాత్రం ఇప్పటికీ చేత్తోనే కుట్టి ఇస్తున్నాను. నెలకు నాలుగైదు ఒరలు చేసేవారికి ఆరె, రెండు సూదులు, తోలు పట్టుకునే చెక్క బిగింపు చాలు, మిషను వద్దు.

కొనదలచినవారు దుకాణంలో వాళ్లు ఇచ్చే మెత్తని ముక్క మీద కుట్టు చూసి మురిసిపోవద్దు. మీరు వాడే తోలునే మూడు పొరలుగా అంటించి, ఒక కొసన రెండు పొరలకు పలచన చేసి సంచిలో తీసుకువెళ్లండి. మీకు కావలసిన దారమే ఎక్కించమనండి, మందం మారే చోట వేగం తగ్గించమనండి, తర్వాత ముక్కను తిప్పి వెనకవైపు చూడండి. ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.