వానలో సైకిల్ తొక్కడానికి ఏ జాకెట్ మేలు?

జూన్‌లో నాలుగు చినుకులు పడగానే సైక్లింగ్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న: "మంచి రెయిన్ జాకెట్ ఉంటే చెప్పండి బ్రో." వెంటనే ఒకరు డెకాథ్లాన్ లింకు పెడతారు. ఇంకొకరు గోర్‌టెక్స్ తప్ప మిగతావన్నీ దండగంటారు. మూడో ఆయన తీరిగ్గా వచ్చి "తడిస్తే ఏమైతది, కరిగిపోతామా?" అని ఒక నవ్వు బొమ్మ పడేసి పోతాడు. నన్నడిగితే మన ఊళ్లలో ఎక్కువ రోజులు మూడో ఆయన మాటే కరెక్టు. సైకిల్ మీద మనకు వానతో కన్నా చెమటతోనే పెద్ద పేచీ. జాకెట్ ఎంచుకునేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే వెయ్యి పెట్టినా, ఇరవై వేలు పెట్టినా లోపల చొక్కా పిండుకోవాల్సిందే.

ముందు చవక రకంతో మొదలుపెడదాం. వానాకాలం రాగానే రోడ్ల పక్కన తాళ్లకు వేలాడేసి అమ్మే బైకు రెయిన్‌కోటు, కోటూ ప్యాంటూ కలిపి ఐదారు వందల నుంచి దొరుకుతుంది. నీటి చుక్క లోపలికి రాదు, నిజమే. కానీ అది మోటార్‌సైకిల్ మీద కదలకుండా కూర్చునే మనిషి కోసం కుట్టింది. సైకిల్ తొక్కేవాడికి పావుగంటలో లోపల ఇడ్లీ పాత్రే. పైగా ఆ ప్యాంటు కాళ్లు వెడల్పుగా ఉండి కుడివైపు చైన్‌లో ఇరుక్కుంటాయి. రైల్వే స్టేషన్‌కో, కిరాణా కొట్టుకో రెండు కిలోమీటర్లు నింపాదిగా పోయేవాళ్లకు చాలు. అంతకు మించి దాని గురించి చెప్పడానికేం లేదు.

చేతులు లేకుండా దుప్పటిలా ఒంటిని కప్పే పాంచో సంగతి వేరు. మన దగ్గర దాన్ని ట్రెక్కింగ్‌కు వెళ్లేవాళ్ల సరుకుగానే చూస్తారు గానీ, ఆఫీసుకు సైకిల్ మీద వెళ్లేవాళ్లకు అంత తెలివైన వస్తువు ఇంకోటి లేదని నా అభిప్రాయం. తల దూర్చి వేసుకుంటే ముందు భాగం హ్యాండిల్ మీదకి డేరాలా పరుచుకుంటుంది. కింద అంతా ఖాళీ, గాలి ధారాళంగా ఆడుతుంది, చెమట ఆరుతుంది. తొడలు కూడా తడవవు కాబట్టి మామూలు ప్యాంటుతోనే వెళ్లొచ్చు. అయితే సైకిల్ కోసమే కుట్టిన పాంచో కొనాలి. దానికి ముందు అంచులో బొటనవేళ్లు దూర్చుకోవడానికి పట్టీలు, నడుముకు కట్టుకునే తాడు ఉంటాయి. అవి లేని పాంచో గాలికి లేచి మొహాన్ని కప్పేస్తుంది, లేదా వెనక చక్రం ఆకుల్లోకి పోతుంది. దీనికి శత్రువు ఎదురుగాలి. విశాఖ బీచ్ రోడ్డులో ఈదురుగాలి వేళ పాంచో వేసుకుని బయల్దేరితే మనం సైకిల్ తొక్కుతున్నామో, తెరచాప ఎత్తామో తెలీదు. గంటకు పదిహేను కిలోమీటర్ల లోపు, చుట్టూ ఇళ్లున్న రోడ్ల మీద మాత్రం దీనికి సాటి లేదు.

ఇక అసలు పోటీ మూడో రకానికీ నాలుగో రకానికీ. మూడోది నైలాన్ లేదా పాలిస్టర్ గుడ్డకు లోపల పీయూ (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) పూత వేసిన సైక్లింగ్ జాకెట్. బ్రాండును బట్టి సుమారు పదిహేను వందల నుంచి నాలుగు వేల దాకా ఉంటుంది. నాలుగోది మూడు పొరల మెంబ్రేన్ జాకెట్: బయట గుడ్డ, మధ్యలో సన్నటి పొర, లోపల ఒంటికి తగిలే జాలీ లాంటి గుడ్డ. దీనికి మూలం గోర్‌టెక్స్. బాబ్ గోర్ 1969లో పీటీఎఫ్ఈ అనే పదార్థాన్ని వేడిచేసి ఒక్కసారిగా లాగితే అది సూక్ష్మ రంధ్రాలతో సాగింది. ఆ రంధ్రాల్లోంచి నీటి చుక్క పోదు, నీటి ఆవిరి పోతుంది. అంటే వాన లోపలికి రాకూడదు, చెమట ఆవిరై బయటికి పోవాలి. పేరున్న కంపెనీ మూడు పొరల జాకెట్ పదిహేను వేలకు తక్కువలో దొరకడం కష్టం.

ఇంత డబ్బు పెట్టే ముందు లేబుల్ చదవడం నేర్చుకోవాలి. 10,000/10,000 అనో, 20,000/20,000 అనో రెండు అంకెలుంటాయి. మొదటిది గుడ్డ మీద ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నీటిని నిలబెడితే కారకుండా ఆగుతుందో చెబుతుంది. 10,000 అంటే పది మీటర్ల నీటి స్తంభం. మన జడివానకైనా అది దండిగా సరిపోతుంది. బ్యాగు పట్టీలు భుజాల మీద నొక్కే చోట తప్ప అంత ఒత్తిడి పడనే పడదు. రెండో అంకె చదరపు మీటరు గుడ్డలోంచి 24 గంటల్లో ఎన్ని గ్రాముల ఆవిరి బయటికి పోతుందో చెబుతుంది. జాకెట్ విస్తీర్ణం సుమారు ఒక చదరపు మీటరు అనుకుంటే, 10,000 రకం గంటకు నాలుగు వందల గ్రాములు పంపగలదు. గట్టిగా తొక్కేవాడికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పోస్తుంది. అంటే లెక్క అక్కడే తప్పింది. అదీ ల్యాబ్‌లో, ఆవిరి పోవడానికి అనువైన పరిస్థితులు కల్పించి కొలిచిన అంకె.

మన వానలో ఆ పరిస్థితులు ఎలా ఉంటాయో చూడండి. ఆవిరి తనంతట తాను బయటికి పోదు. లోపల ఆవిరి పీడనం ఎక్కువా, బయట తక్కువా ఉంటేనే పోతుంది. జాకెట్ లోపల 35 డిగ్రీల దగ్గర చెమటతో నిండిన గాలిలో ఆ పీడనం సుమారు 5.6 కిలోపాస్కల్స్. లండన్‌లో 8 డిగ్రీల చలిలో వాన పడుతుంటే బయట దాదాపు 1. తేడా 4.6, ఆవిరి హాయిగా బయటపడుతుంది. హైదరాబాద్‌లో ఆగస్టు సాయంత్రం 26 డిగ్రీలు, గాలిలో తేమ 95 శాతం అనుకోండి, బయట 3.2 ఉంటుంది. తేడా 2.4కి పడిపోయింది. విజయవాడలోనో, కాకినాడలోనో 29 డిగ్రీల ఉక్కపోత వానలో ఇంకా తక్కువ. అదే జాకెట్, అదే లేబుల్, పనితనం మాత్రం ఇక్కడ సగం. విదేశీ రివ్యూల్లో ఐదు నక్షత్రాలు వచ్చిన జాకెట్ ఇక్కడ వేసుకుని "మోసపోయాను" అనే వాళ్లలో చాలామందిని ఎవరూ మోసం చేయలేదు, వాతావరణం వేరు, అంతే.

ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త జాకెట్ మీద చినుకు పడితే తామరాకు మీద నీటిబొట్టులా జారిపోతుంది కదా, ఆ గుణం మెంబ్రేన్‌ది కాదు, బయటి గుడ్డకు పూసిన రసాయనానిది. బురద, చెమట, రాపిడికి అది అరిగిపోతుంది. అప్పుడు పై గుడ్డ నీరు పీల్చుకుని బరువెక్కుతుంది. మెంబ్రేన్ ఇంకా నీటిని ఆపుతూనే ఉంటుంది గానీ, పైన తడి దుప్పటి కప్పినట్టు ఉండేసరికి ఆవిరి పోయే దారి మూసుకుపోతుంది. లోపల తడి చూసి "కారుతోంది" అనుకుంటాం. పాత జాకెట్ల పూతల్లో, మెంబ్రేన్‌లో వాడిన పీఫాస్ రసాయనాలు నేలలో, నీటిలో ఏళ్ల తరబడి నశించకుండా ఉండిపోతాయని కంపెనీలు వాటిని వదిలేస్తున్నాయి. గోర్ కూడా 2022లో ఈపీఈ అనే వేరే పొరకు మారడం మొదలుపెట్టింది. మంచి పనే, కానీ పీఫాస్ లేని పూతలు నూనె జిడ్డును తట్టుకోలేవు, కాబట్టి ఉతుకూ, మళ్లీ పూతా తరచుగా కావాలి. ఫ్యాబ్రిక్ కండిషనర్ మాత్రం వాడనే వాడకండి, ఉన్న పూతను అదే చెడగొడుతుంది.

ఇదంతా చూశాక నా ఓటు గాలి ఆడే దారులకే. చంకల కింద జిప్పులు, వీపు మీద గుడ్డ మడత కింద దాచిన జాలీ, కిందికీ పైకీ తెరుచుకునే రెండు వైపుల జిప్పు. ఈ మూడింట్లో కనీసం రెండు ఉన్న మూడు వేల పీయూ జాకెట్, ఇవేవీ లేని పద్దెనిమిది వేల మెంబ్రేన్ కన్నా మన ఎండావానల్లో సుఖంగా ఉంటుంది. వాన సన్నబడగానే కింది జిప్పు జానెడు తెరిస్తే వచ్చే గాలి ముందు ఏ మెంబ్రేనూ ఆగదు.

అయితే ఖరీదైన దానికీ ఒక రోజు వస్తుంది. బ్రెవేలు, అంటే గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు రైడ్లు తొక్కేవాళ్లకు తెలుసు: 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400కు 27, 600కు 40 గంటల గడువు. అంటే రాత్రి తప్పదు. హైవే మీద తెల్లవారుజామున మూడింటికి తడిసిన జెర్సీతో టీ కొట్టు దగ్గర ఆగారనుకోండి. తొక్కుతున్నంత సేపూ ఏమీ అనిపించదు. ఆగిన ఐదు నిమిషాలకు పళ్లు కొట్టుకుంటాయి, గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతుంది, హెల్మెట్ బకిల్ పెట్టుకోవడానికి వేళ్లు సహకరించవు. అనంతగిరి మీదుగా అరకు ఎక్కి, వానలో ఘాట్ దిగేటప్పుడూ ఇంతే. ఎక్కేటప్పుడు జాకెట్ తీసి వెనక జేబులో పెట్టుకోవాలి, దిగే ముందు వేసుకోవాలి. ఇలాంటి రోజులకు ఒంటిని పొడిగా ఉంచడం కన్నా గాలి తగలకుండా ఉంచడం ముఖ్యం. మడిస్తే గుప్పెట్లో పట్టే తేలికపాటి మెంబ్రేన్ జాకెట్ ఇక్కడ తన డబ్బులు తాను రాబడుతుంది. నెదర్లాండ్స్‌లోనో, జర్మనీలోనో చదువుకుంటూ రోజూ సైకిల్ మీద కాలేజీకి వెళ్లే మన పిల్లలు కూడా కళ్లు మూసుకుని దీన్ని కొనొచ్చు. అక్కడి చలి వానలో లేబుల్ మీద అంకె చాలావరకు నిజమవుతుంది. ఇక్కడి నుంచి పీవీసీ ప్లాస్టిక్ కోటు సూట్‌కేసులో పెట్టి పంపే అమ్మానాన్నలు కాస్త ఆగండి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీదే తొక్కేవాళ్లకు జాకెట్ ఎందుకని అడగొచ్చు. కప్పు ఉంది, నిజమే. గాలివానకు పక్కనుంచి కొట్టే జల్లును ఆ కప్పు ఆపదు. అయినా దానికి మామూలు విండ్‌చీటర్ చాలు. ఇరవై ఆరేడు డిగ్రీల వానలో గంటా గంటన్నర పొద్దుటి రైడుకు కూడా నేను చెప్పేది అదే: పల్చటి విండ్‌చీటర్, కింద త్వరగా ఆరే జెర్సీ, తడవండి, ఇంటికొచ్చి వేణ్నీళ్లు పోసుకోండి.

కొనేటప్పుడు అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే లాభం లేదు. షాపులో సైకిల్ ఉంటుంది, ఎక్కి కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. చేతులు ముందుకు చాచినప్పుడు మణికట్టు బయటపడిందా, వీపు దగ్గర జాకెట్ నడుము పైకి లేచిందా చూడండి. వెనక భాగం సీటును కప్పేంత పొడవుండాలి. లోపలి వైపు తిప్పి కుట్ల మీద టేపు ఉందో లేదో వేలితో తడమండి. టేపు లేకపోతే వాన ముందు కుట్లలోంచే వస్తుంది. హుడ్ హెల్మెట్ మీద వేసుకుని తల కుడివైపు తిప్పండి. హుడ్ తలతో పాటు తిరగకపోతే వెనక లారీ కనిపించదు, అలాంటప్పుడు హుడ్ లేనిదే మేలు. రంగు విషయంలో నాకు మొహమాటం లేదు. నలుపు ఎంత స్టైలుగా ఉన్నా వద్దు, పసుపో నారింజో తీసుకోండి. చెయ్యి చాపి సిగ్నల్ ఇచ్చేటప్పుడు వెలుగు పడేలా మణికట్టు దగ్గర మెరిసే పట్టీ ఉంటే ఇంకా మంచిది.

రోజూ ఆఫీసుకైతే పాంచో, వారాంతం రైడ్లకు జిప్పులున్న పీయూ జాకెట్, రాత్రి బ్రెవేలకూ ఘాట్లకూ మెంబ్రేన్. ఒకటే కొనగలను అంటే పీయూ. వీటిలో ఏది కొన్నా, దానికి ముందు ఒక జత మడ్‌గార్డులు బిగించుకోండి. పైనుంచి పడే వాన కడిగినట్టే ఉంటుంది గానీ, వెనక చక్రం వీపు మీదికీ సీటు మీదికీ ఎగజిమ్మే బురద నీళ్లను ఏ జాకెట్టూ ప్యాంటు దాకా పోకుండా ఆపలేదు.