ఈమాక్స్‌లో డిరెన్వ్: ఫైలు తెరిస్తే పైథాన్ దానంతటదే మారుతుంది, చాలావరకు

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా ఉంచే పైథాన్, దాని లైబ్రరీలు) ఎందుకో, ఎలా తయారు చేయాలో ఇక్కడ చెప్పను. అది తెలియని వారికి, ప్రాజెక్టు మారినప్పుడల్లా దాన్ని మార్చుకునే ఈ బాధ ఇంకా మొదలై ఉండదు.

ప్రాజెక్టు ఫోల్డరులోకి వెళ్లగానే దాని ఎన్విరాన్‌మెంట్‌ను అమర్చే డిరెన్వ్‌ను నేను వదలకపోవడానికి కారణం ఒక్కటే. ఈమాక్స్ ఎడిటర్‌లోని ఎన్వ్‌ఆర్‌సీ ప్యాకేజీ తోడైతే, ఎన్విరాన్‌మెంట్ ఎడిటర్ మొత్తానికి కాకుండా ఒక్కో బఫర్‌కు (తెరిచిన ఫైలుకు) విడిగా అమరుతుంది. విజయవాడలో కూర్చుని నేను చూసే ప్రాజెక్టులు రెండు: గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ బస్తాల లెక్క జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) 3.2 మీద, గొల్లపూడి హోల్‌సేల్ వ్యాపారి బిల్లింగ్ జాంగో 5 మీద. రెండూ పక్కపక్కనే తెరిచి ఉన్నా దేని పైథాన్ దానిదే. ఇంతకుముందు వాడిన ఎడిటర్‌లో కొత్త టెర్మినల్ తెరిస్తేనే మార్పు కనిపించేది. అప్పటికే తెరిచి ఉన్నది పాతదాన్నే పట్టుకుని వేలాడేది. పిప్‌తో లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసే ముందు ప్రతిసారీ అనుమానమే.

ఇక ఉబుంటు లైనక్స్‌ను 22.04 నుంచి 24.04కు మార్చిన రోజు సంగతి. సీజను మధ్యలో కోల్డ్ స్టోరేజీ కోడు తెరిస్తే ప్రతి ఇంపోర్టు కిందా ఎర్రగీత. జాంగోయే లేదంటుంది! డిరెన్వ్ నుంచి ఎర్రర్ మాత్రం ఒక్కటీ లేదు. తీరా చూస్తే, .ఎన్వ్‌ఆర్‌సీ ఫైల్లో (ప్రాజెక్టు ఫోల్డరులో డిరెన్వ్ చదివి నడిపే స్క్రిప్టు) 'లేఅవుట్ పైథాన్3' అని ఉంటే డిరెన్వ్ పైథాన్ వెర్షన్ పేరుతో ఫోల్డరు పెడుతుంది. సిస్టమ్ పైథాన్ 3.10 నుంచి 3.12 కాగానే కిక్కురుమనకుండా కొత్త ఖాళీ ఫోల్డరు సృష్టించి అందులోకి వెళ్లి కూర్చుంది. పాతది పక్కనే ఉన్నా, అది ఆధారపడే పైథాన్ 3.10 సిస్టమ్‌లో లేదు. జాంగో 3.2కు అధికారిక మద్దతు 3.10 వరకే కాబట్టి 3.12లో మళ్లీ ఇన్‌స్టాల్ చేసే దారీ లేదు. చివరికి వేర్వేరు పైథాన్ వెర్షన్లను ఇన్‌స్టాల్ చేసే పైఎన్వ్‌తో 3.10 తెచ్చి, ఆ పైథాన్ పూర్తి పాత్‌ను 'లేఅవుట్ పైథాన్' పక్కన రాస్తే దారికొచ్చింది.

అందుకే పైన 'చాలావరకు' అన్నాను. .ఎన్వ్‌ఆర్‌సీ మార్చిన ప్రతిసారీ డిరెన్వ్ మళ్లీ అనుమతి అడుగుతుంది; ఎవరో పంపిన ఫోల్డరులోని స్క్రిప్టు తనంతట తాను నడవకూడదు కనుక అది నాకు ఇష్టమే. అప్పటికే నడుస్తున్న లాంగ్వేజ్ సర్వర్‌ను (కోడులో తప్పులు చూపే ప్రోగ్రామును) మాత్రం మనమే ఆపి మొదలుపెట్టాలి.

నాది లైనక్స్, పైగా ఒంటరి పని. విండోస్ మీద నలుగురు కలిసి రాసే చోట దీన్ని సిఫారసు చేయడానికి నాకు ధైర్యం చాలదు. ప్రాజెక్టు ఒక్కటే ఉన్నవారికి, ఇంత ఏర్పాటు దండగ.