చవక రోడ్డు సైకిలుకు కొత్త షిఫ్టర్లు: ఎప్పుడు దండగ, ఎప్పుడు కాదు

గేర్లు ఆలస్యంగా పడుతున్నాయి, చైను ఊరికే టకటకమంటోంది అన్నది మీ బాధైతే షిఫ్టర్ల (హ్యాండిల్ మీద గేర్లు మార్చే మీటల) జోలికి వెళ్లకండి. హ్యాండిల్ కింది వంపు పట్టుకున్నప్పుడు గేరు మార్చడానికి వేలు అందడం లేదన్నది బాధైతే మాత్రం మార్చుకోవడంలో అర్థం ఉంది. చవక సైకిలుతో వచ్చిన ఏడు గేర్ల షిఫ్టర్లను ఏళ్ల తరబడి వాడి, తర్వాత అదే సైకిలుకు ఎనిమిది గేర్లవి బిగించి, వాటినీ చాలాకాలంగా వాడుతున్నాను. నాకు తేలింది ఇంతే.

సైకిలు సాదాసీదాది. అల్యూమినియం ఫ్రేము, ఉక్కు ఫోర్కు, ముందు రెండు పళ్లచక్రాలు, వెనుక ఏడు. దాంతో వచ్చిన షిఫ్టర్లు బొటనవేలితో నొక్కే రకం. కుడి బ్రేకు లీవరును లోపలి వైపు నెడితే అది కేబుల్‌ను లాగి చైనును వెనుక పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కిస్తుంది, తొక్కడం తేలికవుతుంది. లీవరు పైనుండే రబ్బరు పిడి లోపలి పక్కన చిన్న బటన్ ఉంటుంది. దాన్ని నొక్కితే కేబుల్ ఒక క్లిక్కు వదులై చైను చిన్న చక్రం మీదికి దిగుతుంది.

ఈ బటన్‌ను వెక్కిరించేవాళ్లు చాలామంది. నేను వాళ్లలో లేను. పిడుల మీద చేతులు వేసి తొక్కేటప్పుడు ఇంత సుళువైన ఏర్పాటు మరొకటి లేదు. ఎక్కించే పని లీవరుది, దించే పని బటన్‌ది. మందపాటి చేతి తొడుగులు వేసుకున్నా ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కే ప్రసక్తే రాదు.

చిక్కంతా కింది వంపులోనే. వాలు దిగుతుంటాం, చేతులు కిందున్నాయి, వేళ్లు బ్రేకు మీదున్నాయి. వేగం పెరిగేకొద్దీ పెడళ్లు ఊరికే తిరుగుతుంటాయి, గట్టి గేరు కావాలి. లీవరు అందుతుంది గానీ అది తేలిక గేరుకే పనికొస్తుంది. కావలసిన బటనేమో పైన పిడి దగ్గర, బొటనవేలికి బెత్తెడు దూరంలో ఉండిపోతుంది. చెయ్యి పైకి తీయాలి, అంటే సరిగ్గా అవసరమైన సమయంలో బ్రేకు వదలాలి. ఎదురుగాలికి వంగి తొక్కేటప్పుడూ ఇదే తంతు. కింది వంపును ఎన్నడూ ముట్టుకోనివాళ్లకు ఈ లోపం ఉన్నట్టే తెలియదు. చవక రోడ్డు సైకిళ్లు నడిపేవారిలో వాళ్లే ఎక్కువని నా అనుమానం.

ఇక గేర్లు సరిగా పడకపోవడం గురించి. పెద్ద చక్రం మీదికి ఎక్కేటప్పుడు కేబుల్‌ను లాగేది మన చెయ్యి. చిన్న చక్రం మీదికి దిగేటప్పుడు దాన్ని వెనక్కి తీసుకునేది డిరైలర్‌లోని (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగంలోని) స్ప్రింగు ఒక్కటే. అందుకే ఎక్కడం బాగానే ఉండి, దిగడం మాత్రం ఆలస్యమవుతోందంటే షిఫ్టరును అనుమానించే ముందు కేబుల్‌ను చూడాలి. నా పాత కేబుల్ తొడుగులో వెనుక డిరైలర్‌లోకి వంగి వెళ్లే చివరి ముక్కను విప్పి చూశాను. లోపల తుప్పు పొడి, బురద కలిసి ముద్దగా ఉన్నాయి. దానికి తోడు, కోసినప్పుడు తొడుగు మూతి నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. తీగ అక్కడే ఒరుసుకుంటోంది. లోపలి తీగ, తొడుగు రెండూ కొత్తవి వేసి, తొడుగు మూతిని ఆకురాయితో చదును చేసి, మేకుతో రంధ్రం గుండ్రంగా సరిచేశాక అదే చవక షిఫ్టరు చక్కగా క్లిక్కుమంది.

తొడుగు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. గేర్లకు వాడే 4 మి.మీ. తొడుగులో ఉక్కు తీగలు నిలువుగా పరుచుకుని ఉంటాయి కాబట్టి అది ఒత్తిడికి కుదించుకుపోదు. బ్రేకులకు వాడే 5 మి.మీ. తొడుగు చుట్టలు చుట్టిన తీగతో చేసింది, కాస్త కుదించుకుపోతుంది. గేర్లకు దాన్ని వేస్తే ఏ షిఫ్టరు పెట్టినా గేరు కుదురుగా నిలవదు. గేర్ల తొడుగును బ్రేకుకు వేయడం ఇంకా ప్రమాదం. గట్టిగా పట్టినప్పుడు ఆ నిలువు తీగలు తొడుగును చీల్చుకుని బయటికి రావచ్చు.

రెండో అనుమానితుడు డిరైలర్ వేలాడే చిన్న లోహపు పలక. సైకిలు కుడి పక్కకు ఒక్కసారి పడితే చాలు, అది లోపలికి వంగుతుంది. వెనుక నుంచి చూస్తే డిరైలర్ పంజరం (చైను దూరే కింది చట్రం) పళ్లచక్రాల వరుసకు సమాంతరంగా లేకపోవడం కంటికే తెలుస్తుంది. ఇది వంకరగా ఉన్నంతకాలం ఒక గేరుకు సరిచేస్తే ఇంకోటి చెడుతూనే ఉంటుంది. ఇక షిఫ్టరు లోపలి గ్రీజు గట్టిపడి క్లిక్కు పడకపోతే పల్చని నూనె కొట్టి పదేపదే ఆడిస్తే చాలాసార్లు మళ్లీ ప్రాణం వస్తుంది.

ఇవన్నీ చేశాక కూడా నాకు మిగిలిన ఫిర్యాదు కింది వంపు ఒక్కటే. దాని కోసమే మార్చాను.

ఏడు నుంచి పై మెట్టు ఎనిమిది. షిమానో కంపెనీలో అయితే క్లారిస్ అనే రకం. అందులో తేలిక గేరుకు బ్రేకు లీవరు, గట్టి గేరుకు దాని వెనుకనున్న చిన్న మీట. రెండూ కింది వంపు నుంచి అందుతాయి. అయితే ఎనిమిది గేర్ల షిఫ్టరు అనగానే ఖర్చు తోక పెరగడం మొదలవుతుంది. ఎనిమిది పళ్లచక్రాల క్యాసెట్ (వెనుక చక్రం మధ్యలోకి జారించి బిగించే పళ్లచక్రాల గుత్తి) కావాలంటారు. నా వెనుక చక్రానికి ఉన్నది మర తిప్పి బిగించే గుత్తి, అంటే ఫ్రీవీల్, కాబట్టి క్యాసెట్ ఎక్కదు, వెనుక చక్రం మొత్తం మార్చాలంటారు. చక్రం మార్చాక చైను ఎందుకు పాతదంటారు. అక్కడికి వచ్చేసరికి ఎనిమిదో తొమ్మిదో గేర్లున్న వాడిన సైకిలు వెతుక్కోవడమే తెలివైన పని అవుతుంది.

నేను వెనుక చక్రం మార్చలేదు. షిమానో వరుసలో ఏడు గేర్ల పళ్లచక్రాల మధ్య దూరం 5 మి.మీ., ఎనిమిది గేర్లకు 4.8 మి.మీ. అంటే ఎనిమిది గేర్ల షిఫ్టరు ఒక్కో క్లిక్కుకు 0.2 మి.మీ. తక్కువ జరుపుతుంది. మధ్యనున్న నాలుగో చక్రం దగ్గర సరిగ్గా కుదిర్చితే, అటూ ఇటూ చివర్లకు చేరేసరికి తేడా 0.6 మి.మీ. మాత్రమే. డిరైలర్‌లో చైనును నడిపించే రెండు చిన్న పుల్లీల్లో పైదానికి పక్కలకు కాస్త ఆడే వీలుంటుంది కనుక అంత తేడాను అది సర్దుకుంటుంది. వేలితో కదిపి చూస్తే ఆ ఆట మీకే తెలుస్తుంది. చిట్టచివరి చక్రం మీద సన్నని చప్పుడు ఒకటి వినిపిస్తుంటుంది, అంతకుమించి ఇబ్బంది లేదు. ఒక క్లిక్కు ఎక్కువ కాబట్టి దాన్ని చిన్న చక్రం వైపు ఖాళీగా వదిలేశాను. అటు వైపైతే కేబుల్ వదులవుతుందే తప్ప ఏమీ కాదు. పెద్ద చక్రం వైపు వదిలితే డిరైలర్ దాటిపోకుండా ఆపే హద్దు మరకు ఎదురుగా కేబుల్‌ను బలవంతంగా లాగినట్టవుతుంది.

ఈ సర్దుబాటు అన్ని జతలకూ కుదరదు. షిమానో రోడ్డు వరుసలో ఎనిమిది, తొమ్మిది గేర్ల వెనుక డిరైలర్లకు కేబుల్ లాగుడు (ఒక్కో క్లిక్కుకు లాగాల్సిన కేబుల్ లెక్క) ఒకటే. పది గేర్ల టియాగ్రా 4700 రకానికీ, పదకొండు గేర్లకూ అది వేరు; అక్కడ డిరైలర్ కూడా మార్చక తప్పదు. స్రామ్ అనే మరో కంపెనీ లెక్క పూర్తిగా వేరు. ఎడమ షిఫ్టరు ముందున్న చక్రాల సంఖ్యకు సరిపోవాలి. బ్రేకులు రెండు పొడవాటి చేతులతో రిమ్మును పట్టే వీ రకంవైతే రోడ్డు లీవరు లాగే కేబుల్ వాటికి చాలదు. హ్యాండిల్ పట్టీ ఎలాగూ విప్పాలి, నాలుగు కేబుళ్లూ ఎలాగూ కొత్తవి పడతాయి. ఆ పని ఖర్చును ముందే లెక్కలో వేసుకోండి.

వాడకంలో తేడా ఎంత? పిడుల మీద చేతులున్నప్పుడు దాదాపు ఏమీ లేదు. చేతి తొడుగులతో ఒక్కోసారి రెండు మీటలూ కలిసి కదులుతాయి, అప్పుడు పాత బటనే నయమనిపిస్తుంది. వాలులో, ఎదురుగాలిలో మాత్రం చెయ్యి కదపకుండా అటూ ఇటూ గేరు మార్చగలుగుతున్నాను. కింది వంపులో ఇప్పుడు గడిపే సమయం బాగా పెరిగింది. గేరు కేబుల్ పట్టీ కిందికి వెళ్లిపోవడం వల్ల హ్యాండిల్ ముందు సంచి తగిలించుకోవడానికీ చోటు దొరికింది. ఆ దాచుడుకు ఒక ధర ఉంది: షిఫ్టరు లోపలే కేబుల్ బాగా వంగుతుంది కాబట్టి కేబుల్ చివరి గుండు తల దగ్గర ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది. ఉన్నట్టుండి గేరు మొరాయిస్తే రబ్బరు పిడి మడిచి ముందు అక్కడే చూడాలి. పూర్తిగా తెగితే ఆ తలను పట్టకారుతో బయటికి లాగడం పెద్ద తలనొప్పి.

ఫ్రీవీల్ అరిగేవరకూ ఇలాగే నడుపుతాను. ఆ తర్వాత క్యాసెట్ ఎక్కే చక్రం కొంటాను, ఎలాగూ దాని ఇరుసుకు బలం ఎక్కువ. ఖాళీగా వదిలిన ఆ ఎనిమిదో క్లిక్కు అప్పుడు పనికొస్తుంది. కేబుల్ విప్పి మళ్లీ బిగించడం, హద్దు మరలు సరిచేయడం తప్ప షిఫ్టరుకు చేయవలసిందేమీ ఉండదు.