రెండో తరగతి తీసివేతలు: పుల్లల కట్టలా, గెంతులా, అప్పు పద్ధతా?

రెండో తరగతి పిల్లల నోట్‌బుక్ తిరగేస్తే ఎక్కడో ఒకచోట ఈ లెక్క కనిపిస్తుంది: 52 – 27 = 35. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీసేశారు. పదుల స్థానంలో 5 లోంచి 2 తీసేశారు. జవాబు 35. చూసిన పెద్దవాళ్ళు వెంటనే "చూసుకోకుండా చేశావు" అంటారు. నిజానికి ఆ పిల్ల బాగా చూసుకునే చేసింది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయాలని ఒకటో తరగతిలో విన్న మాటనే ఇక్కడా నమ్మకంగా పాటించింది. జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే పరిశోధకులు 1978లో పిల్లల లెక్కల్లోని తప్పుల్ని విశ్లేషించి ఈ విషయమే చూపించారు. చాలా తప్పులు పరధ్యానం వల్ల వచ్చేవి కావు, వాటి వెనక పిల్లలు పట్టుదలగా పాటించే ఒక తప్పు నియమం ఉంటుంది. అందుకే ఇంకో ఇరవై లెక్కలిచ్చి చేయిస్తే ఆ తప్పు పోదు, ఇంకా గట్టిపడుతుంది.

ఏడెనిమిదేళ్ళ వయసులో లెక్కల్లో దాటాల్సిన పెద్ద గడప ఇదే. వంద లోపు కూడికలు, తీసివేతలు ఈ ఏడాదిలో చేతికి రావాలి, వందల స్థానం పరిచయం కావాలి. చిన్న తరగతుల్లో చదువు, లెక్కలు గట్టిపడాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లక్ష్యాల్లోనూ రెండో తరగతికి 999 వరకు సంఖ్యలు, 99 వరకు తీసివేతలు ఉన్నాయి. అమెరికా కామన్ కోర్ ప్రమాణాలూ ఈ తరగతికి వంద లోపు లెక్కలు తడబడకుండా చేయాలంటాయి. ఎంత నేర్పాలన్న దాంట్లో పెద్ద తేడా లేదు. గొడవంతా ఎలా నేర్పాలన్న దగ్గరే.

ముందు పుల్లల కట్టలు చూద్దాం. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు ఐదు, విడి పుల్లలు రెండు పిల్ల ముందు పెట్టి, ఇరవై ఏడు ఇమ్మని అడగండి. రెండు కట్టలు టకటకా ఇచ్చేస్తుంది. ఆ తర్వాత ఏడు విడి పుల్లలు ఇవ్వాలి, ఉన్నవేమో రెండే. అక్కడ ఆగుతుంది. మన ముఖం చూస్తుంది, మిగిలిన మూడు కట్టల వంక చూస్తుంది. కాసేపటికి ఒక కట్టకున్న బ్యాండు తీసేస్తుంది. పాఠమంతా ఆ నిమిషంలోనే ఉంది. మనం తొందరపడి ఆ బ్యాండు మన చేత్తో తీసేశామా, పాఠం మన దగ్గరే ఉండిపోతుంది. ఇప్పుడు విడి పుల్లలు పన్నెండు. ఏడు ఇచ్చేస్తే ఐదు, పక్కన రెండు కట్టలు. ఇరవై ఐదు.

పుల్లలకు బదులు చాలా బడుల్లో ప్లాస్టిక్ దిమ్మలు వాడతారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో జోల్తాన్ దీనిష్ అనే హంగేరియన్ గణితవేత్త ప్రచారంలోకి తెచ్చిన సామగ్రి అది. ఒకట్లకు చిన్న గడి, పదికి కడ్డీ, వందకు పలక. మంచి సామగ్రే, కానీ మొదట్లో నేను పుల్లల వైపే ఉంటాను. పది కడ్డీని విడగొట్టలేం. దాన్ని పక్కన పెట్టి బదులుగా పది గడులు తెచ్చుకోవాలి. ఆ మార్పిడిలో కొందరు పిల్లలకు కడ్డీ ఎక్కడికో పోయి కొత్త గడులు ఎక్కడి నుంచో వచ్చినట్టు అనిపిస్తుంది. పుల్లల కట్టలో ఆ అనుమానానికి తావే లేదు, లోపల ఉన్న పదే బయటికి వస్తాయి. వందల లెక్కలకు వచ్చాక దిమ్మలే నయం, అన్ని పుల్లలు ఎవరూ సర్దలేరు.

ఈ పద్ధతిలో లోపం లేదని కాదు. పుల్లలతో 25 అని సరిగ్గా చెప్పిన పిల్లే నోట్‌బుక్‌లో మళ్ళీ 35 రాస్తుంది. చేతిలో జరిగింది, కాగితం మీద జరిగేది ఆమెకు రెండు వేర్వేరు పనులు. దీనికి విరుగుడు ఇద్దరేసి పిల్లల్ని కూర్చోబెట్టడం. ఒకరు పుల్లలు కదుపుతుంటే రెండోవారు ప్రతి కదలికనూ అప్పటికప్పుడు రాయాలి. బ్యాండు తీసిన క్షణంలోనే 5 కొట్టేసి 4 రాయాలి, 2 దగ్గర 12 రాయాలి. అన్నీ అయ్యాక గుర్తు తెచ్చుకుని రాస్తే లాభం లేదు.

ఇక గెంతుల పద్ధతి. అంకెలేవీ లేని ఒక గీత గీసి, ఒక చివర 27, ఇంకో చివర 52 రాస్తారు. 27 నుంచి 30కి మూడు, 30 నుంచి 50కి ఇరవై, 50 నుంచి 52కి రెండు. మొత్తం 25. ఈ ఖాళీ సంఖ్యారేఖను నెదర్లాండ్స్‌లోని గణిత విద్యావేత్తలు బాగా వాడుకలోకి తెచ్చారు. నోటి లెక్కలకు దీన్ని మించింది లేదని నా నమ్మకం. 71 లోంచి 68 పోతే ఎంత అని అడిగితే, గెంతులు వచ్చిన పిల్ల మూడు అని వెంటనే చెప్పేస్తుంది. నిలువుగా రాసే పిల్ల 7 కొట్టేసి, 6 రాసి, 11 చేసి, ఇంత తంతు తర్వాత అదే మూడుకు చేరుతుంది. ఎవరి దగ్గర ఎన్ని ఎక్కువున్నాయి, ఇంకా ఎన్ని కావాలి అనే కథ లెక్కలకు గెంతులు చక్కగా అతుకుతాయి.

కానీ దీనికి ముందస్తు సరుకు కావాలి. 7కి ఎంత కలిపితే పది అవుతుందో నోట్లో ఉండాలి, పదేసి చొప్పున ఎక్కడి నుంచైనా లెక్కపెట్టడం రావాలి. అవి రాని పిల్లలు ఒక్కొక్కటిగా గెంతుతూ మధ్యలో లెక్క తప్పుతారు. ఇంకో చిక్కుంది. "తీసెయ్యమన్నారు కదా టీచర్, మరి కలుపుతున్నామేంటి?" అని అడిగే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. ఎంత మంచి ప్రశ్న! తోసిపుచ్చకుండా 52 పూసల దండ, 27 పూసల దండ పక్కపక్కన పరిచి, పొట్టి దండకు ఇంకా ఎన్ని గుచ్చాలో వాళ్ళతోనే లెక్కపెట్టించాలి. తీసివేత అంటే తేడా కూడా అని అక్కడ తెలుస్తుంది.

మూడోది అప్పు తెచ్చుకునే నిలువు పద్ధతి. ఎంత పెద్ద సంఖ్యకైనా పనికొస్తుంది, ఇంట్లో అందరికీ తెలుసు, పేజీ మీద తక్కువ చోటు పడుతుంది. తొందరగా నేర్పితేనే చిక్కు. పిల్ల 52ను యాభై రెండుగా చూడటం మానేసి ఒక 5, ఒక 2గా చూస్తుంది. 403 లోంచి 178 ఇచ్చి చూడండి. మధ్యలో సున్నా ఉంది. చాలామంది వందల దగ్గర నుంచి నేరుగా ఒకట్లకు అప్పు తెచ్చేసి, పదుల దగ్గర 0, 7 చూసి 7 రాసేసి, 275 అంటారు. సరైన జవాబు 225. వంద విడితే పది పదులు వస్తాయని, అందులో ఒక పదే ఒకట్లకు వెళ్తుందని చేత్తో చేసిన పిల్ల ఈ గుంటలో పడదు. కామన్ కోర్ కూడా ఈ ప్రామాణిక పద్ధతిలో పట్టు రావడాన్ని నాలుగో తరగతికే పెట్టింది. అంటే రెండులో నేర్పకూడదని కాదు, తొందరపడాల్సిన పని లేదని.

పాతకాలం వాళ్ళలో కొందరు వాడే పద్ధతి ఇంకోటుంది. 52 – 27లో పైన 2ను 12 చేసి, అప్పు తీర్చినట్టుగా కింద పదుల 2ను 3 చేస్తారు. రెండు సంఖ్యలకూ పది కలిపాం కాబట్టి తేడా మారదు. 1949లో విలియం బ్రౌనెల్, హెరాల్డ్ మోజర్ మూడో తరగతి పిల్లల మీద దీన్నీ, పదిని విడదీసి అప్పు తెచ్చుకునే పద్ధతినీ పోల్చారు. యాంత్రికంగా నేర్పినప్పుడు ఈ రెండు వైపులా కలిపే పద్ధతే మెరుగ్గా పనిచేసింది. ఎందుకు చేస్తున్నామో చెప్పి నేర్పినప్పుడు మాత్రం పదిని విడదీసే పద్ధతి ముందుకు వచ్చింది, కొత్త రకం లెక్కల్లో కూడా ఆ పిల్లలే నిలబడ్డారు. రెండో తరగతికి ఈ రెండు వైపులా కలిపే పద్ధతిని వద్దనే చెబుతాను. ఇంట్లో ఒకరు ఇలా, బడిలో ఇంకొకరు అలా నేర్పితే పిల్ల రెండూ కలిపేస్తుంది. పైన 5ను 4 చేస్తుంది, కింద 2ను 3 కూడా చేస్తుంది, 15 అని రాస్తుంది. పాపం, రెండు చోట్లా చెప్పింది విన్నందుకే ఆ తప్పు. ఇంట్లో నేర్పే ముందు బడిలో ఏ పద్ధతి నడుస్తోందో ఒకసారి నోట్‌బుక్ తెరిచి చూడండి.

మరి ఏది మేలు? ఒక్కటే ఎంచుకోవాలంటే కట్టలే. ఎక్కువ రోజులు, విసుగు పడకుండా. పదికి జతలు నోటికి వచ్చాక గెంతులు. నిలువు రాత ఆఖరున, అదీ పుల్లలు పక్కన ఉండగానే మొదలవ్వాలి. కొట్టేసి పైన రాసుకునే చిన్న అంకెల్ని మాత్రం ఎవరూ ఆపొద్దు. నీటుగా లేదని మార్కులు తగ్గించడం నాకు నచ్చదు. అవసరం తీరాక పిల్లలే వాటిని వదిలేస్తారు.

రోజుకు పది లెక్కలకు బదులు మూడే ఇచ్చి, ఒక్కోటి రెండు దారుల్లో చేయించండి. రెండు జవాబులూ కలవకపోతే ఏది తప్పో పిల్లనే వెతకనివ్వండి. 35 దగ్గర అనుమానం వస్తే 27, 35 కలిపి చూసుకోమనండి. 62 వస్తుంది. మన దగ్గర ఉన్నది 52 కదా అని ఆమె నోటితో ఆమే అంటుంది, రబ్బరు తీసుకుని చెరుపుకుంటుంది.