పీటర్ మార్పులా, రెండో అలెగ్జాండర్ సంస్కరణలా: రష్యా రైతుకు ఏది మేలు?

రష్యాను మార్చిన చక్రవర్తి ఎవరని అడిగితే చాలామంది పీటర్ పేరే చెబుతారు. 1698లో పశ్చిమ ఐరోపా నుంచి తిరిగి రాగానే ప్రభువుల గడ్డాలు తన చేతులతోనే కత్తిరించాడు. 1703లో నేవా నది ఒడ్డున చిత్తడి నేల మీద సెయింట్ పీటర్స్‌బర్గ్ అనే కొత్త నగరానికి పునాది వేశాడు. 1708లో లిపిని సులభతరం చేయించాడు. అక్షరాన్ని ప్రేమించేవాణ్ణి కనుక ఆ ఒక్క పనికీ ఆయనకు నమస్కరిస్తాను.

అయితే ఆ వెలుగు పల్లెకు చేరలేదు. పసివాడైనా, పండు ముసలి అయినా పల్లెలో ప్రతి మగవాడి తలకూ పన్ను పడింది. 1705 నుంచి రైతుబిడ్డను సైన్యంలోకి పట్టుకుపోతే బతికున్నంతకాలం కొలువే. 1721లో కర్మాగారాల యజమానులు ఊళ్లకు ఊళ్లను మనుషులతో సహా కొనుక్కోవడానికి అనుమతి దొరికింది. ప్రభువు వేషం మారింది, రైతు మెడ మీద కాడి మాత్రం మరింత బరువెక్కింది.

రెండో అలెగ్జాండర్‌ది వేరే దారి. క్రిమియా యుద్ధంలో ఓటమి కళ్లు తెరిపించింది. 1861లో భూస్వాముల కింద ఉన్న సుమారు 2.3 కోట్ల మందికి దాస్య విముక్తి ప్రకటించాడు. భూమి మాత్రం ఉచితంగా రాలేదు. దాని వెల 49 ఏళ్లపాటు వడ్డీతో కట్టాలన్నారు. తాము తరతరాలుగా దున్నిన నేలకే రైతులు అప్పుపడ్డారు. ఈ అన్యాయాన్ని తక్కువ చేసి చెప్పలేను. 1876లో ఉక్రేనియన్ భాషలో పుస్తకాల ముద్రణను దాదాపు నిషేధించిందీ ఈయన ప్రభుత్వమే. ఒక జాతి నోరు నొక్కిన ఆ ఆజ్ఞను ఏ సంస్కరణా కడిగివేయదు.

అయినా నా ఓటు అలెగ్జాండర్ సంస్కరణలకే. 1864లో వచ్చిన జెమ్‌స్త్వోలు, అంటే ఎన్నికైన స్థానిక సభలు, రైతు ప్రతినిధికి ప్రభువు పక్కన చోటిచ్చాయి. పల్లెలకు బడులను, వైద్యులను తెచ్చాయి. అదే ఏడాది బహిరంగ విచారణ, జ్యూరీ, అంటే కోర్టులో తీర్పు చెప్పే సామాన్య పౌరుల బృందం, వచ్చాయి. విప్లవకారిణి వేరా జాసులిచ్ సెయింట్ పీటర్స్‌బర్గ్ నగర గవర్నరుపై కాల్పులు జరిపినా, 1878లో, జ్యూరీ ఆమెను నిర్దోషి అంది. చక్రవర్తి కొలువుకు నచ్చని తీర్పు చెప్పగలిగిన సామాన్యులను పీటర్ కాలంలో ఊహించలేం. 1881లో అలెగ్జాండర్ బాంబు దాడిలో మరణించాక కొడుకు చాలా హక్కులకు కత్తెర వేశాడు. అయినా జ్యూరీ 1917 దాకా నిలిచింది.