మేడ మీద ఫ్రీ డిష్: పదేళ్లు వాడాక నా మాట

ఖమ్మం దగ్గర మా ఊళ్లో, మేడ మీద దూరదర్శన్ ఫ్రీ డిష్ పెట్టించి పదేళ్లు దాటింది. 2015 వేసవిలో పళ్లెం, ఎల్‌ఎన్‌బీ (పళ్లెం ముందు కమ్మీ చివర ఉండి సిగ్నల్ అందుకునే పరికరం), బాక్స్, కేబుల్ వైరు అన్నీ కలిపి పదిహేను వందల చిల్లర అయింది. ఆ తర్వాత నెలకింత అని ఒక్క రూపాయి కట్టలేదు.

ముందు చానళ్ల సంగతి చెప్పేస్తాను, చాలామంది నిరాశ పడేది అక్కడే కాబట్టి. యాదగిరి, సప్తగిరి వస్తాయి. మొత్తం మీద హిందీ చానళ్లే ఎక్కువ. జనం రోజూ చూసే తెలుగు సీరియళ్ల కోసం కొంటే మాత్రం ఇది మీకు సరిపోదు, డబ్బు కట్టే డీటీహెచ్ తీసుకోండి. మా నాన్నకు వార్తలు, వ్యవసాయం కార్యక్రమాలు, పాటలు ఉంటే చాలు. 2020 సెప్టెంబర్‌లో బడులు మూసి ఉన్నప్పుడు యాదగిరిలో పాఠాలు వచ్చేవి. అన్నయ్య పిల్లలిద్దరూ ఫోన్ కోసం కొట్లాడుకోకుండా ఈ టీవీ ముందే కూర్చుని నోట్సు రాసుకున్నారు. ఆ ఒక్క ఏడాదికే నా డబ్బు తీరిపోయిందనుకుంటాను. బాక్స్ కొనేటప్పుడు ఎంపెగ్-4 (వీడియోను కుదించి పంపే కొత్త పద్ధతి) చానళ్లు పడతాయో లేదో అడిగి తీసుకోండి. పాత ఎంపెగ్-2 బాక్సుల్లో కొన్ని చానళ్లు రానే రావు.

ఇక అసలు విషయం, డిష్ తిప్పడం. బిగించడానికి వచ్చినతను పావుగంటలో పని ముగించి, "ఆ వేపచెట్టు అడ్డం సార్, కొమ్మలు కొట్టించండి" అని చెప్పి వెళ్లిపోయాడు. ఎండ కాసిన రోజు బొమ్మ బాగానే ఉండేది. కాస్త మబ్బు పడితే చాలు, గళ్లు గళ్లుగా విడిపోయేది. నెల రోజులు ఓపిక పట్టి, ఒక ఆదివారం స్పానర్ పట్టుకుని నేనే మేడ ఎక్కాను.

మొదట దొరికిన తప్పు డిష్‌ను నిలబెట్టే పైపులో ఉంది. దారానికి పెద్ద నట్టు కట్టి పక్కన వేలాడదీస్తే, పైపు వేలెడు వంగి ఉన్నట్టు తేలింది. పైపు నిటారుగా లేకపోతే డిష్‌ను కుడి ఎడమలకు తిప్పినప్పుడల్లా ఎత్తు కూడా మారిపోతుంది. ఎంత తిప్పినా కుదరకపోవడానికి అదే కారణం. పైపు సరిచేశాకే మిగతా పని మొదలుపెట్టాను.

మనకు కావలసిన ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంటుంది. మా ఊరి నుంచి చూస్తే ఆగ్నేయానికి కొంచెం దక్షిణంగా, దాదాపు 65 డిగ్రీల ఎత్తున. నేను డిష్ పెట్టినప్పుడు అక్కడ ఇన్సాట్-4బీ పనిచేసేది. 2015 నవంబర్‌లో జీశాట్-15ను ప్రయోగించి ఆ చోటికే చేర్చారు కాబట్టి ఉపగ్రహం మారినా మేం డిష్ కదపలేదు, బాక్స్‌లో మళ్లీ సెర్చ్ కొడితే సరిపోయింది. సెట్టింగులో ఎల్‌ఎన్‌బీ ఫ్రీక్వెన్సీ 9750-10600 అని ఉందో లేదో మాత్రం చూసుకోవాలి.

బాక్స్‌లో రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంత్, క్వాలిటీ అని. స్ట్రెంత్ చూసి మోసపోవద్దు. డిష్‌ను పిట్టగోడ వైపు తిప్పి పెట్టినా నాకు అది 80 చూపించింది. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతోందని తప్ప దానివల్ల తెలిసేది పెద్దగా ఏమీ లేదు. చూడాల్సింది క్వాలిటీ. నాన్న కింద టీవీ ముందు కూర్చుని "నలభై... ముప్పై ఎనిమిది... పోయిందిరా!" అని అరుస్తుంటే గంటసేపు తంటాలు పడ్డాం. బాక్స్ రెండు మూడు సెకన్లు ఆలస్యంగా చూపిస్తుంది, ఆలోపు నేను దాటించేస్తున్నాను. చివరికి పాత చిన్న టీవీని మేడ మీదికే తెచ్చి పెట్టుకున్నాను. మీరూ అలాగే చేయండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

60 సెంటీమీటర్ల పళ్లెం అంచు అర సెంటీమీటరు జరిగిందంటే డిష్ ఒక డిగ్రీ తిరిగినట్టే. పక్కనే 91.5లోనూ 95లోనూ వేరే డీటీహెచ్ ఉపగ్రహాలున్నాయి. అందుకే చెయ్యి కొంచెం ఎక్కువ కదిలితే ఇంకోదాని మీద నిలబడిపోతాం, సెర్చ్ చేస్తే మన చానళ్లు రావు. గోరంత కదిపి, మూడు సెకన్లు ఆగి, మళ్లీ కదపాలి. అక్కడ కుదిరాక ఎల్‌ఎన్‌బీని దాని పట్టీలోనే అటూ ఇటూ తిప్పి చూడాలి. మా దగ్గరకొచ్చినతను దాన్ని నిటారుగా వదిలేశాడు. అది సరిచేసినందుకే పది పాయింట్లు పెరిగాయి. బోల్టులు ఒకేసారి బిగిస్తే పళ్లెం పక్కకు లాగేస్తుంది, ఒక్కొక్కటి కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించాను. 45 ఉన్న క్వాలిటీ 72కు వచ్చింది.

వేపచెట్టును కొట్టించలేదు. ఈ డిష్ పళ్లెం 40 డిగ్రీలే పైకి చూస్తున్నట్టు కనిపిస్తుంది, కానీ ఎల్‌ఎన్‌బీ నడిమధ్యన కాకుండా కింది వైపుకు ఉండే పళ్లెం కాబట్టి సిగ్నల్ అంతకంటే 25 డిగ్రీలు పై నుంచి దిగుతుంది. చెట్టు డిష్‌కన్నా నాలుగు మీటర్లు ఎత్తున్నా, రెండు మీటర్ల దూరంలో ఉంటే అడ్డం రాదు. ఇది తెలియక ఎన్ని చెట్లు కొట్టించుకుంటున్నారో! అనుమానముంటే మార్చి రెండో వారం చివర్లో గానీ, సెప్టెంబర్ ఆఖర్లో గానీ పగలు పదకొండు గంటల ప్రాంతంలో మేడ ఎక్కండి. ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనకగా వెళ్తాడు, కొన్ని నిమిషాలు బొమ్మ కూడా పోతుంది. అప్పుడు పళ్లెం మీద చెట్టు నీడ పడకపోతే దారి ఖాళీగా ఉన్నట్టే. మా పళ్లెం నిండా ఎండే పడింది, వేప నీడ పిట్టగోడ అవతలే ఆగిపోయింది.

పదేళ్లలో ఇబ్బందులు లేకపోలేదు. కోతులు ఎల్‌ఎన్‌బీ పట్టుకునే కమ్మీ మీద ఊగి ఒకసారి వంచేశాయి. కనెక్టర్‌లోకి నీళ్లు దిగి వైరు చివర పచ్చగా చిలుమెక్కింది. ఆ చివర కోసి, కొత్త కనెక్టర్ వేసి, వైరు డిష్ దగ్గర కిందికి వంపు తిరిగేలా కట్టాను, చుక్క అక్కడే జారిపోతుంది. ఎల్‌ఎన్‌బీ ఒకసారి మార్చాను. జోరు వాన కురిస్తే ఇప్పటికీ పది, పదిహేను నిమిషాలు బొమ్మ పోతుంది, డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలకు అది తప్పదు. ఇప్పుడు కొంటే 75 సెంటీమీటర్లది తీసుకుంటాను. సిగ్నల్ పట్టే వైశాల్యం ఒకటిన్నర రెట్లు పెరుగుతుంది. కాకపోతే మా వేసవి గాలిదుమారాలకు అంత పళ్లెం ఆగాలంటే పైపును పిట్టగోడకు కాదు, స్లాబుకే బిగించాలి.